తాళం బీరువాలో తెల్లపొడి

వెండి అనగానే మనకు పట్టీలు, కుంకుమ భరిణె, అన్నప్రాశననాటి గిన్నె జ్ఞాపకం వస్తాయి. కెమిస్ట్రీ విద్యార్థికైతే సిల్వర్ నైట్రేటు జ్ఞాపకం వస్తుంది. క్లోరైడు పరీక్షలో తెల్లని అవక్షేపం, మర్నాటికి వేళ్ళమీద నల్లమచ్చలు ఎవరు మరచిపోతారు? కాని దానికి ఒక తోబుట్టువు ఉంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఎక్కువగా కనిపించదు. స్టోర్‌రూములో తాళం వేసిన బీరువాలో, గోధుమరంగు సీసాలో కూర్చుని ఉంటుంది. అదే సిల్వర్ సల్ఫేటు. ఆ తెల్లపొడిని తేలిగ్గా తీసుకుని నేనొకసారి పెద్ద పొరపాటే చేశాను. ఆ సంగతి చెప్పేముందు దాని గుణగణాలు కాస్త చూద్దాం.

రెండు వెండి అయాన్లు, ఒక సల్ఫేటు అయాను కలిస్తే ఈ లవణం. అణుభారం సుమారు 312. అందులో వెండి వాటా నూటికి 69 పాళ్ళు. అంటే స్పాచ్యులాతో తీసే ప్రతి మూడు గ్రాముల్లో రెండు గ్రాములు శుద్ధమైన వెండే! గాఢ గంధకామ్లంలో వెండిని వేసి వేడిచేస్తే సల్ఫర్ డయాక్సైడు వెలువడి ఈ లవణం తయారవుతుంది. సిల్వర్ నైట్రేటు ద్రావణానికి గంధకామ్లం కలిపినా తెల్లని స్ఫటికాలుగా దిగుతుంది. కారణం, ఇది నీటిలో అంతగా కరగదు. గది ఉష్ణోగ్రత దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక గ్రాముకూడా కరగదు. నైట్రేటైతే 200 గ్రాములకు పైగా కరుగుతుంది. గాఢ గంధకామ్లంలో మాత్రం బైసల్ఫేటుగా మారి బాగా కరుగుతుంది. వెలుతురు తగిలితే మెల్లగా నల్లబడుతుంది. గోధుమరంగు సీసా అందుకే.

సరే, కరగని లవణంతో మనకేం పని? పని ఉంది. నీటిలో నైట్రేటు ఎంత ఉందో ఫీనాల్ డైసల్ఫోనిక్ ఆమ్లంతో కొలిచే పాత పద్ధతి ఒకటుంది. అందులో క్లోరైడు అడ్డొస్తుంది, ముందే తీసేయాలి. సిల్వర్ నైట్రేటు వేస్తే క్లోరైడు పోతుంది గాని, మనం కొలవబోయే నైట్రేటునే మనం పోసినట్లవుతుంది. దొంగను పట్టడానికి దొంగ చుట్టాన్ని కాపలా పెట్టినట్లు! అందుకని సల్ఫేటు. దీని 4.4 గ్రాములు లీటరు నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణం ఒక్కో మిల్లీలీటరు ఒక్కో మిల్లీగ్రాము క్లోరైడును పట్టుకుంటుంది.

ఇక అసలు ఉపయోగం సి.ఓ.డి. పరీక్షలో. మురికినీటిలోని సేంద్రియ పదార్థాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె అది. నమూనాకు పొటాషియం డైక్రోమేటు, గాఢ గంధకామ్లం చేర్చి రెండు గంటలు రిఫ్లక్స్ చేస్తాం. మిగిలిన డైక్రోమేటును ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటుతో టైట్రేట్ చేస్తాం. ఫెర్రాయిన్ సూచిక నీలి ఆకుపచ్చ నుంచి ఎర్రమట్టి రంగుకు మారితే అయిపోయినట్లు. ఆ గంధకామ్లంలో కిలోకు 5.5 గ్రాముల లెక్కన సిల్వర్ సల్ఫేటు ముందే కరిగించి ఉంచాలి. అది పూర్తిగా కరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండున్నర లీటర్ల ఆమ్లం సీసాకు లెక్కకట్టండి: తులమున్నర వెండి దాటుతుంది.

ఇక్కడే నా కథ. ఎం.ఎస్సి. చదివే రోజుల్లో సెలవులకు ఊరెళితే, మా పెద్దనాన్న వాగు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎగువన ఒక ఫ్యాక్టరీ. నీళ్ళు పులిసిన వాసన. "గేదెలు మూతి పెట్టడంలేదురా. నువ్వు చదివేది ఈ చదువేగా, చూసి చెప్పు" అన్నాడు. రెండు క్యాన్లలో పట్టి, ఆమ్లం చుక్కలు వేసి, ఐసులో పెట్టి తెచ్చాను. స్టోర్‌లో సిల్వర్ సల్ఫేటు అడిగితే, "అది వెండి బాబూ, సంతకం లేకుండా ఇవ్వను" అన్నాడాయన. నాకు తొందర. ఉత్ప్రేరకమేగా, చర్యను త్వరపెడుతుంది అంతే, ఇంకో అరగంట ఎక్కువ మరిగిస్తే సరిపోతుంది అనుకున్నాను. అంకె హద్దులోపలే వచ్చింది. పరిశ్రమల మురుగు వాగుల్లోకి వదలడానికి సాధారణ ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాములు. "నీళ్ళు హద్దులోనే ఉన్నాయి" అని కాగితం రాసి పంపాను.

పదిరోజుల తరువాత నా రికార్డు చూస్తూ మా మాస్టారు, "సిల్వర్ ఏదోయ్?" అన్నారు. చెప్పాను. ఆయన తిట్టలేదు, బ్లాక్‌బోర్డు దగ్గరికి తీసుకెళ్ళారు. పులిసిన వాసన అంటే అసిటిక్ ఆమ్లం వంటివి. లీటరులో 500 మిల్లీగ్రాముల అసిటిక్ ఆమ్లం ఉంటే లెక్కప్రకారం సి.ఓ.డి. 533 రావాలి. కాని వెండి లేకపోతే డైక్రోమేటు దాని జోలికి దాదాపు పోదు, ఎంతసేపు మరిగించినా సరే. ఏ మురికి కోసం వెతుకుతున్నానో ఆ మురికినే నేను లెక్కలోంచి వదిలేశాను. ఆయన సంతకంతో సిల్వర్ సల్ఫేటు తెచ్చి, దాచిన నమూనాతో మళ్ళీ చేశాను. అంకె హద్దుకు రెండింతలు దాటింది.

రెండో కాగితం పట్టుకుని నేనే ఊరెళ్ళాను. పెద్దనాన్న చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మొదటి కాగితం నకలు ఫ్యాక్టరీవాళ్ళు పట్టుకెళ్ళారురా. ఇప్పుడు దీన్నెవరు నమ్ముతారు?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర నేటికీ జవాబు లేదు.

ఇక జాగ్రత్తలు. నమూనాలో ఉప్పు ఉంటే వెండి క్లోరైడుగా మారి ఉత్ప్రేరకం పనికిరాకుండా పోతుంది. అందుకే ముందు క్లోరైడుకు పదిరెట్ల బరువు మెర్క్యురిక్ సల్ఫేటు వేసి దాన్ని కట్టేయాలి. ఆ తరువాతే వెండి కలిపిన ఆమ్లం, చల్లబరుస్తూ, మెల్లగా. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. చర్మానికి తగిలితే మచ్చ వెంటనే కనబడదు, వెలుతురులో గంటల తరువాత నల్లగా తేలుతుంది. అమ్మోనియా కలిసిన వెండి ద్రావణాలను నిలవ ఉంచకండి. పేలే పదార్థాలు ఏర్పడవచ్చు.

వాడిన ద్రావణం సింకులో పోయకూడదు. వెండి అయాన్లు చేపలకు విషం. సి.ఓ.డి. వ్యర్థంలో పాదరసం, క్రోమియం కూడా ఉంటాయి. వాగు మురికిని కొలిచి, అంతకన్నా చెడ్డ మురికిని కాలవలో కలిపితే మనం చేసిన ఉపకారమేమిటి? ఆ వ్యర్థాన్ని చీటీ అంటించిన క్యానులో విడిగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. పాదరసం, క్రోమియం లేని వెండి వ్యర్థమైతే డిపార్టుమెంటులోనే రాబట్టుకోవచ్చు. ఉప్పునీళ్ళు పోస్తే తెల్లని సిల్వర్ క్లోరైడు దిగుతుంది. వడపోసి, జింకుతో సజల గంధకామ్లంలో క్షయకరణం చేస్తే బూడిదరంగు వెండిపొడి మిగులుతుంది. స్టోర్‌కీపర్ గారికి అదే మంచి కానుక.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఖరీదైనదని దేన్నైనా ప్రయోగంలోంచి తీసేసే ముందు అది అక్కడ ఎందుకుందో అడగండి. అడిగినా దొరక్కపోతే ప్రయోగం ఆపండి, అంకె మాత్రం రాయకండి. మన రికార్డులో తప్పు అంకెకు రెండు మార్కులు పోతాయి. ఊళ్ళో ఆ అంకెను పట్టుకుని ఎవరో నీళ్ళు తాగుతారు.