ఆల్చిప్ప సారం కణాలను కాపాడుతుందా? ఎలా తెలుస్తుంది?

అమ్మ వంట చీటీలో ‘గ్లాసు పప్పు’ బదులు ‘గ్లాసు ఉప్పు’ అని పడిందనుకోండి. మారింది ఒక్క అక్షరమే, కూర మాత్రం నోట పెట్టలేం! మన కణాల్లోనూ అలాంటి చీటీ ఉంటుంది. అదే డీఎన్ఏ. అందులో అక్షరం మారడాన్ని ఉత్పరివర్తనం అంటారు. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాలు ఈ తప్పులు చేయిస్తాయి.

సముద్ర జీవుల్లో ఈ తప్పులను ఆపే పదార్థాలున్నాయా? ఎలా చూస్తారు?

ముందు ఆల్చిప్ప మాంసాన్ని మెత్తగా నూరి, ఆల్కహాల్‌లో నానబెట్టి వడగడతారు. కషాయంలాగే సారం దిగుతుంది.

తర్వాత పరీక్ష. 1970లలో అమెరికాలోని బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ దీన్ని రూపొందించారు. ఇందులో వాడే సాల్మొనెల్లా బ్యాక్టీరియా చీటీలో ముందే ఒక తప్పుంటుంది. అందుకే హిస్టిడిన్ అనే పోషకాన్ని అది తయారుచేసుకోలేదు. అక్షరం మళ్లీ మారి ఆ తప్పు సర్దుకుంటేనే పెరుగుతుంది.

ఇప్పుడు రెండు పళ్లేలు. రెండింటిలోనూ చైనా గ్రాస్ జెల్లీ, అందులో ఈ బ్యాక్టీరియా, కాసేపటికే అయిపోయేలా చిటికెడంత హిస్టిడిన్. ఒకదానిలో చీటీని చెడగొట్టే రసాయనం, రెండోదానిలో దాంతోపాటు ఆల్చిప్ప సారం. మన ఒంటి వెచ్చదనంలో, అంటే 37 డిగ్రీల దగ్గర, రెండు రోజులు ఉంచుతారు. మొదటి పళ్లెంలో గసగసాలు చల్లినట్టు తెల్లని చుక్కలు! అవి తప్పు సర్దుకుని పెరిగిన బ్యాక్టీరియా గుంపులు. రెండోదానిలో తక్కువుంటే సారం అడ్డుపడిందన్నమాట.

ఆగండి, సారం బ్యాక్టీరియాను చంపేసినా చుక్కలు తగ్గుతాయి కదా! అందుకే అదీ విడిగా సరిచూస్తారు. పళ్లెంలో గెలిచినంత మాత్రాన మందు అయిపోదు, పిల్లలూ! అది తొలి మెట్టు మాత్రమే.