సూర్యమిత్రుల శిక్షణము



కర్నూలుసీమలో గని, శకునాల గ్రామముల చెంత 2017లో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్క్షేత్రము వెలసినది. పొగ లేదు, బొగ్గు లేదు. కాని యట్టిచోట్ల మన పిల్లలకు దొరకు పని యేది? ఫలకములు కడుగుటయు, కావలి కాయుటయు మాత్రమేనా?

ఇందులకై కేంద్రప్రభుత్వమువారు 2015లో ‘సూర్యమిత్ర’ యను శిక్షణము నారంభించిరి. పదవతరగతి గడచి, ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని వంటిది నేర్చినవారికి 600 గంటల యభ్యాసము, అనఁగా సుమారు మూఁడునెలలు.

అంతకాల మేల యందురేమో. ఇంటిదీపము మీట నొక్కిన నాఱును. సౌరఫలక మట్లు కాదు. ఎండ పడినంతసేపు దానియందు విద్యుచ్ఛక్తి పుట్టుచునే యుండును. ఇరువది ఫలకములను వరుసగాఁ గలిపినచో వందలకొలఁది వోల్టులు! అది ఏకముఖప్రవాహ మగుటచేఁ బనిచేయుచుండఁగాఁ దీఁగ నూడఁబెఱికినచో లేచిన మంట తేలికగా నాఱదు. చూచి నేర్చుకొందు నను కుఱ్ఱవాఁడు మిద్దె నెక్కినచో నేమగునో యూహింపుఁడు.

ఫలకమును దక్షిణముఖముగా, మన ప్రాంతమున సుమారు 15 డిగ్రీలు వంచి నిలుపవలయును. నేను కోణములు బోధించునాఁడు ఆవులించిన శిష్యులకే యిప్పు డా లెక్క యక్కఱకు వచ్చినది!

ఒక శిక్షణాలయమున బొమ్మలు చూపి పత్రమిచ్చి పంపిరని వారిలో నొకఁడు నాకడ వాపోయెను. పిల్లవానిఁ జేర్చుటకు ముందు, అచటఁ బనిముట్లు విద్యార్థుల చేతఁ బట్టింతురో లేదో స్వయముగాఁ జూచి రండు.