పదునాలుగేండ్లు నిండిన పిమ్మట

మా యింట పాలు పోయు నామె మొన్నటి వేసవిలో శుభవార్త యని యొకటి చెప్పినది. కూతునకు సంబంధము కుదిరినదట! పిల్ల యెనిమిదవ తరగతి పరీక్షలు వ్రాసి రెండు నెలలైన కాలేదు. "మా ఊళ్లో బడి అంతవరకేనమ్మా. పై చదువుకు ఆరు కిలోమీటర్లు పోవాలి. ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా ఎట్లా పంపేది?" అని యామె యడుగగా మాకు వెంటనే బదులు తోచలేదు.

సోదరీమణులారా! ఆ తల్లిని నిందించుట సులభము. కాని సాయంకాలపు బస్సు తప్పినచో మరియొక బస్సు లేని త్రోవను మన పిల్లను మనము మాత్రము పంపుదుమా? దూరమున కాళ్ల నొప్పికంటె నలుగురి నోళ్లకే భయము మెండు. దీనికి తోడు, గడియ లేని తలుపు, నీరు లేని మరుగుదొడ్డి గల బడికి ఆడుపిల్ల నెలలో కొన్ని దినములు పోనే జాలదు. ఈ సంగతి యింటి మగవారికి తెలియదు; మనము చెప్పము.

2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్ల వరకే ఉచిత నిర్బంధ విద్య నిచ్చినది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమో, పదునెనిమిదేండ్లు నిండనిదే పిల్లకు పెండ్లి కూడదనుచున్నది. నడుమ నాలుగేండ్లు! బడి పట్టి యుంచదు, పెండ్లి చేయరాదు. ఆ యేండ్లలో పిల్ల తమ్ముల నెత్తుకొనును, లేదా కూలికి పోవును. లేదా, దొంగచాటుగా పెండ్లికూతు రగును. 1929లో శారదా చట్టము ఆడుపిల్ల పెండ్లికి నిర్ణయించిన యీడు పదునాలుగే. నాడు పెండ్లికి చాలునన్న యీడుననే నేడు చదువు చట్టము చేయి విడుచుట మాకు వింతగా నున్నది.

రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయమ్మగారికి ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. ఆమె యా బంధము విడిచి చదువుకొని, న్యాయవాదియై, 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలైనది. అందరికిని అట్లు సాధ్యమని మేము చెప్పబోము. ఆమె నిర్ణయమునకు తండ్రియు సోదరుడును అండగా నిలిచిరి. ఆ యండ యెందరికి కలదు?

పాలామెకు మేము చెప్పినది చిన్న సంగతియే. 2004లో కేంద్ర ప్రభుత్వము కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములను ఏర్పరచినది. అందు పేద బాలికలు అక్కడనే యుండి, తిని, చదువుకొందురు. తొలుత ఎనిమిదవ తరగతి వరకే యున్న వీనిని 2018 తరువాత పండ్రెండవ తరగతి వరకు పెంచుటకు పూనుకొనిరి. మండల విద్యాధికారి నడిగినచో దగ్గర నెక్కడ నున్నదో తెలియును. ఇంతమాత్రమును ఆమెకు ఎవరును చెప్పియుండలేదు.

"పెళ్లివారికి ఏం చెప్పనమ్మా?" అన్నది. ఇట్టి పెండ్లి చేయించిన వారికి రెండేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జుల్మానాయు కలవని ఆమె పెనిమిటి వినుచుండగనే చెప్పితిమి. అతడు మారుమాటాడక లేచి పోయెను.

జూను మాసమున పిల్ల తొమ్మిదవ తరగతిలో చేరినది. పెండ్లికని కొన్న రేకు పెట్టెలోనే బట్టలు సర్ది పంపిరి. పెండ్లివారు మాత్రము దసరాకైన ముహూర్తము పెట్టుదమని కబుర్లు పంపుచునే యున్నారట. ఆమె యింకను బదులు చెప్పలేదు.