పేరు స్టారుది... పాదం మనది!

దొరవారిసత్రం అనగానే నేలపట్టు గూడబాతులే గుర్తొస్తాయి. అక్కడి నుంచి చెన్నై హైవేలో సూళ్లూరుపేట దాటితే తడ. ఆ మండలంలోని మాంబట్టులో ఉన్న అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. బూటు కుట్టిన చేతులెవరివో కొనేవాళ్లకు తెలియదు. దానిమీద ఆటగాడి పేరు పడితే మాత్రం... దశ తిరిగిపోతుంది!

బాస్కెట్‌బాల్‌లో ఈ పేరు మోజు ఇప్పటిది కాదు. కాన్వర్స్ కంపెనీ 1934లోనే తన బూటుకు చక్ టేలర్ పేరు తగిలించింది. 1985లో నైకీ 65 డాలర్లకు ఎయిర్ జోర్డాన్ తెచ్చింది. ఇక కుర్రకారు వెర్రెత్తిపోయింది.

మరి పేరుంటే పనితనమూ ఉన్నట్టేనా? 2019 ఫిబ్రవరిలో కాలేజీ స్టార్ జయాన్ విలియమ్సన్ ఆట మొదలైన నిమిషంలోపే జారిపడ్డాడు. ఎడమ బూటు చీలిపోయింది, మోకాలు బెణికింది. అది పాల్ జార్జ్ పేరుతో నైకీ తెచ్చిన బూటే! మరోపక్క స్టెఫాన్ మార్బరీ 2006లో తన పేరిట సుమారు 15 డాలర్లకే బూట్లు తెచ్చి, ఎన్‌బీఏలో వాటితోనే ఆడాడు.

అందుకే మీ అబ్బాయి పేరున్న బూట్లే కావాలని మారాం చేస్తే ముందు ఇవి చూడండి. అడుగున వంకర గీతలు లోతుగా ఉంటే నేలమీద పట్టు దొరుకుతుంది. నడిచినప్పుడు మడమ జారకూడదు. బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి. ఎగిరి దిగినప్పుడు అదురును లోపలి నురుగు పొర పీల్చుకోవాలి. సిమెంటు కోర్టులో ఆడేవాళ్లకు అడుగు రబ్బరు గట్టిదైతేనే మేలు, మెత్తటిది త్వరగా అరిగిపోతుంది. అన్నట్టు, షాపుకి సాయంత్రం వెళ్లండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, సైజు సరిగ్గా తెలుస్తుంది!