స్కౌట్ల శిబిరం: పైదుప్పటి కన్నా కింది పడక ముఖ్యం

శిబిరానికి వెళ్లే పిల్లవానికి మందపాటి దుప్పటి ఇచ్చి పంపితే చాలని పలువురు తల్లిదండ్రులు భావిస్తుంటారు. కాని అరకు, లంబసింగి వంటి ఏజెన్సీ ప్రాంతాలలో పుష్యమాసపు రాత్రి నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా ప్రయోజనం ఉండదు. కనుక ముందుగా నేలపై టార్పాలిన్ పట్టా, దానిమీద ఎండుగడ్డి, ఆపైన బొంత పరచాలి.

మోసే సామాను పిల్లవాని బరువులో అయిదో వంతుకు మించకుండా చూడాలి. 40 కిలోల బాలునికి 8 కిలోలు చాలు. బరువైన వస్తువులు వీపుకు ఆనుకొని ఉండేలా సర్దాలి. పొడి బట్టలు, మేజోళ్లు పాలిథిన్ సంచిలో చుట్టాలి. రాత్రి బయటకు అడుగు పెట్టాలంటే టార్చిలైటు, బూట్లు తప్పనిసరి. బూట్లు తొడుక్కునే ముందు తేళ్లు లేకుండా దులపాలి.

అన్నిటికీ మించిన జాగ్రత్త మరొకటి ఉంది. చలికి ఓర్వలేక కుంపటిని గుడారంలోకి తేరాదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట స్టవ్ కూడా బయటే వెలిగించాలి.

1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ తొలి శిబిరం నడిపారు. 'సిద్ధంగా ఉండు' అన్నది స్కౌట్ల నినాదం. ఇంటి వద్ద మూట కట్టేటప్పుడే దానిని పాటించాలి.