డ్రైవింగ్ లైసెన్సు: వివిధ దేశాల అర్హతా ప్రమాణాలు - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

రహదారిపై ఎదురుపడే అపరిచితులు ఒకరినొకరు నమ్మి ప్రయాణించడానికి డ్రైవింగ్ లైసెన్సు ఆధారం. ఇది వాహనచోదకుని నైపుణ్యానికి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ. కనీస వయస్సు, పరీక్షా విధానం దేశానికొక రకంగా ఉండటం పైకి కనిపించే భేదం. అభ్యాసం ఎప్పటికి పూర్తయినట్లు చట్టం భావిస్తుందన్నది మౌలికమైన భేదం. నాలుగు దేశాల విధానాల ఆధారంగా ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భారతదేశం:

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్సుకు కనీస వయస్సు 18 ఏళ్లు. 50 సి.సి. మించని ద్విచక్ర వాహనాలకు 16, రవాణా వాహనాలకు 20 ఏళ్లు. ఎల్.ఎల్.ఆర్. పొందిన 30 రోజుల తరువాత డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. సొంత కారు నడపదలచినవారు శిక్షణ సంస్థలో నేర్చుకొని తీరాలన్న నియమం లేదు. 2019 సవరణ ప్రకారం 30 ఏళ్లలోపువారికి ఇచ్చే లైసెన్సు 40 ఏళ్లు వచ్చేవరకు చెల్లుతుంది. అంటే 18వ ఏట ఒక్కరోజు జరిగిన పరీక్ష 22 ఏళ్లపాటు హామీగా నిలుస్తుంది.

జర్మనీ, బ్రిటన్:

జర్మనీలో పరీక్షకు ముందు జరిగే శిక్షణకు ప్రాధాన్యం ఎక్కువ. కారు లైసెన్సుకు 90 నిమిషాల చొప్పున 14 పాఠాలు, ప్రథమ చికిత్స శిక్షణ, 12 ప్రత్యేక అభ్యాసాలు నిర్దేశించారు. వీటిలో 5 ఊరి వెలుపలి రహదారులపై, 4 ఆటోబాన్‌పై, 3 చీకటిలో జరగాలి. లైసెన్సు వచ్చాక కూడా రెండేళ్లు పరిశీలన కాలమే.

బ్రిటన్‌లో 1935లో డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది. రాబోయే ప్రమాదాన్ని వీడియోలో ముందే గుర్తించే పరీక్షను 2002లో చేర్చారు. మొదటి లైసెన్సు పొందిన రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే ఆ లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ మొదటి నుండి పరీక్షలు రాయాలి.

న్యూజిలాండ్:

ఈ దేశం 1987లో అంచెలవారీ లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టింది. అభ్యాస దశకూ పూర్తి లైసెన్సుకూ నడుమ పరిమిత లైసెన్సు ఉంటుంది. ఈ దశలో ఉన్నవారు పక్కన అనుభవజ్ఞుడు లేకుండా రాత్రి 10 నుండి ఉదయం 5 గంటల వరకు నడపరాదు. అతడు లేకుండా సాధారణంగా ప్రయాణికులను ఎక్కించుకోరాదు.

ప్రవాసుల అనుభవం:

చదువు, ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగువారికి ఈ భేదం ఆచరణలో ఎదురవుతుంది. అక్కడ నివాసం ఏర్పరచుకున్నవారి భారతీయ లైసెన్సు సాధారణంగా బ్రిటన్‌లో 12 నెలలు, జర్మనీలో 6 నెలలు చెల్లుతుంది. తరువాత స్థానిక పరీక్షల్లో ఉత్తీర్ణులు కావాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో పదేళ్లు కారు నడిపినవారు కూడా అక్కడ కొత్త అభ్యర్థులే. ఇక్కడ ప్రశ్నార్థకమవుతున్నది వ్యక్తి నైపుణ్యం కాదు, దానిని ధ్రువీకరించిన పద్ధతి.

ముగింపు:

కఠినమైన ప్రమాణానికి మూల్యమూ ఉంది. జర్మనీలో లైసెన్సు పొందడానికి వేల యూరోలు ఖర్చవుతాయి. లైసెన్సే జీవనాధారమైన భారతీయ పేద యువకునికి అంతటి ఖర్చు అవకాశాన్నే దూరం చేస్తుంది. న్యూజిలాండ్ పద్ధతి అభ్యర్థి నుండి ధనం కన్నా కాలాన్ని ఎక్కువగా కోరుతుంది. పరీక్ష నెగ్గిన రోజును అభ్యాసానికి ముగింపుగా కాక మరో దశగా గుర్తించడమే అందులోని సారం. భారతీయ పరిస్థితులకు పరిశీలించదగిన అంశం ఇదే.