ఇంటి జనరేటరు – వీధి తీగ

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖపట్టణములో పెక్కు ఇండ్లకు దినములతరబడి కరెంటు లేకపోయినది. అట్టివేళ జనరేటరు మనకు ఆదరువే. కాని దాని తీగను గోడలోని సాకెట్టునకు తగిలించినచో విద్యుత్తు మీటరును దాటి వీధి తీగలలోనికి ఎదురు పారును. 11,000 వోల్టులను మన ఇండ్లకు తగినట్లు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరే, వెనుకనుండి వచ్చిన 230 వోల్టులను వేలకొలది వోల్టులుగా పెంచును. సరఫరా లేదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము పోవచ్చును.

మెయిన్ స్విచ్చిని ఆపితిమి గదా యందుము. చీకటిలో మరపు సహజము. కావున లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే చేంజోవరు స్విచ్చిని పెట్టించుకొందము. పిడి ఒకవైపున్న వీధి సరఫరా, రెండవవైపున్న జనరేటరు. రెండును ఏకకాలమున కలియనేరవు. మన దీపము మరియొక ఇంటి దీపమును ఆర్పరాదు గదా!